నీలిమందు జాడ

రాజమణి ఉప్పు కోసం మా దుకాణానికి వస్తే ఒట్టి ఉప్పుతో తిరిగి పోదు.

"అన్నా, వానకాలం ఉప్పు ఎందుకు చెమ్మగిల్లుతది?" అంటుంది.

గాలిలో తేమ ఉంటుంది కదా అంటే, "మరి చీమలు చక్కెరకే వస్తయి, ఉప్పుకెందుకు రావు?" అంటుంది. వెనక బేరానికి వచ్చిన వాళ్లు నిలబడి గొణుగుతూ ఉంటారు. నాకు అసలే ముక్కు మీద కోపం. "చీమలనే అడుగుపో చెల్లె" అని కసురుకుంటాను. ఆమె నొచ్చుకోదు. ఉప్పు పొట్లం కొంగున కట్టుకుని, నిజంగానే గోడ వారగా పోయే చీమల బారు దగ్గర వంగి చూస్తూ నిలబడిపోతుంది. ఆమె కదిలేదాకా నాకు వేరే బేరం మీద మనసు నిలవదు. ఏం కనిపెట్టిందో అడగాలని నాకూ ఉంటుంది మరి.

భివండీలోని నార్పోలిలో మా గల్లీకి ఆ చివరా ఈ చివరా సాంచెల చప్పుడే. మరమగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు నుంచి తాతల కాలంలో బొంబాయి దగ్గరి ఈ భివండీకి వచ్చి, ఒకరి సాంచెల మీద పనిచేసి, తర్వాత తమకంటూ నాలుగు కొనుక్కున్నవాళ్లు చాలామంది ఉన్నారు. రాజమణి పెనిమిటి కనకయ్య అట్లాంటివాడే. మా దుకాణం పక్కనే అతని కార్ఖానా. పేరుకు కార్ఖానా గానీ రేకుల షెడ్డు. అందులో సాంచెలు రెండు వరసలుగా ఉంటాయి, మధ్యలో పనివాళ్లు నడిచే సందు ఉంటుంది.

రాజమణి పుట్టింటివాళ్లు బీడీలు చుట్టేవాళ్లు. ఐదో తరగతి దాకా బడికి పోయింది. "పంతులు నన్ను బడి మాన్పియ్యలేదన్నా, నా నోటికి దండం పెట్టిండు" అని తనే చెప్పి నవ్వుతుంది. పెళ్లయి భివండీలో దిగిన రోజున, అన్ని కార్ఖానాల చప్పుడు విని మొగుణ్ని అడిగిన మొదటి మాట, "ఇంత బట్ట నేస్తున్నరు గదా, ఇదంత ఎవరు కడుతరు?" అని. పిల్లలు పుట్టి, పెరిగి, పెద్దదానికి పెళ్లయి పోయాక కూడా కనకయ్య ఆ సంగతి తలచుకుని, "ఆ దినమే నాకు అర్థమయింది బావా, నా బతుకు పరీక్ష రాసుడే అని" అనేవాడు నాతో.

కనకయ్య నెమ్మదస్తుడు. ఒక్క విషయంలో మాత్రం మొండి. అతని కార్ఖానాలో ఎవరూ చెప్పులతో అడుగు పెట్టకూడదు. వాళ్ల నాయన ఊళ్లో గుంట మగ్గం మీద నేసినవాడు. మగ్గం ఉన్న చోట నేతగాళ్ల మూలపురుషుడు మార్కండేయుడు ఉంటాడని, అక్కడ చెప్పులు వేస్తే పాపమని ఆయన మాట. కర్రమగ్గం పోయి ఇనుప సాంచె వచ్చినా, చెయ్యి పోయి మోటారు వచ్చినా కనకయ్య ఆ మాట తప్పలేదు. పక్క కార్ఖానాల వాళ్లు చెప్పులేసుకుని తిరుగుతూ, "కనకయ్య గుడికి పోయొస్తం" అని ఆటపట్టించేవాళ్లు. పనివాళ్లకు మాత్రం అలవాటైపోయింది. గుమ్మం బయట చెప్పులు వరసగా ఉండేవి, లోపల మడమలన్నీ పగిలి నెర్రెలిచ్చి ఉండేవి.

ఆ పనివాళ్లలో ఓదెలు ఒకడు. ఊళ్లో గుంట భూమి లేదు. కూలికి పోయి పోయి చివరికి ఇక్కడికి వచ్చాడు. భార్య చంద్రవ్వతో దగ్గర్లోని టెంఘర్‌లో వరస గదుల చాల్‌లో, ఒంటి గదిలో ఉంటాడు. రాజమణిని అక్కా అంటాడు. పొద్దంతా రెండు సాంచెల మధ్య నిలబడే పని కాబట్టి పాళీ దిగేసరికి, అంటే షిఫ్టు అయ్యేసరికి, పిక్కలు కట్టెలైపోతాయి. ఇంటికి పోయి గుమ్మానికి అడ్డంగా బోర్లా పడుకుంటాడు. చంద్రవ్వ బక్కపలచటి మనిషి. రెండు చేతులతో తలుపు చెక్క పట్టుకుని మొగుడి పిక్కల మీద ఎక్కి నిలబడి తొక్కుతుంది. "ఇంక గట్టిగ తొక్కు, అన్నం తినలేదా" అంటాడు వాడు. "పెండ్లాం తొక్కంగ మురిసే మొగన్ని గిక్కడనే చూసినం" అని చాల్ ఆడవాళ్లంతా నవ్వుతారు. చంద్రవ్వ మాత్రం మాట్లాడదు. ఆ పిల్ల నోట్లోంచి మాట వినాలంటే నేను దుకాణం మూసేవేళ దాకా కూర్చోవాలి.

ఇక ఎలుకల సంగతి. సాంచెకు ఎక్కించే పడుగు నూలుకు గంజి పట్టిస్తారు. ఆ గంజికి ఎలుకలు మరుగుతాయి. మొన్నటి ఎండాకాలం చివర్లో ఒకనాడు పొద్దున వచ్చి చూస్తే పడుగు సగం కొరికేసి ఉంది. తెగిన పోగులన్నీ అతికేసరికి ఓదెలుకు మెడ పట్టేసింది. కనకయ్య కోపంగా వచ్చి ఎలుకల మందు ఇమ్మన్నాడు. వెనకే రాజమణి వచ్చింది.

"మందు పెడితే ఇవి చస్తయి. రేపు ఇంకోటియి వస్తయి. ముందుగాల ఎక్కడికెళ్లి వస్తున్నయో చూడద్దా?"

"వాటి ఇంటి అడ్రసు నీకెందుకే?" అన్నాడు కనకయ్య.

ఆమె నా దగ్గర తెల్లబట్టలకు పెట్టే నీలిమందు పొడి తీసుకుంది. గోధుమపిండిలో కలిపి, కార్ఖానా గోడల వారగా పలచగా చల్లింది. మర్నాడు పొద్దున నేను షట్టరు ఎత్తుతుండగానే వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగింది. దుకాణం వదిలేసి పోయాను. అబద్ధమెందుకు, చూడాలని నాకూ ఉంది.

నేల మీద నీలం రంగు చిట్టి పాదాలు. వెనక గోడ అవతల మురికినీళ్ల మోరి ఉంది. అక్కడి బొక్కలోంచి మొదలై, గోడ వెంబడి వచ్చి, సాంచెల కింద దూరి, మధ్య సందు పొడుగునా పోయి, మళ్లీ అదే బొక్క దగ్గర తేలాయి. రాజమణి కార్ఖానా మూల ఒక గోనెసంచి పరుచుకుని, చిన్న మోటారు రాట్నం మీద కండెలు చుడుతుంది. సాంచెలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు అవి. ఆ గోనెసంచి మీద కూడా నీలం పాదాలున్నాయి.

"సూడన్నా! నా రాట్నం పక్కపొంటి, నేను కూసునే సంచి మీదికెళ్లే పోతున్నయి. రోజూ నన్ను దాటుకుంటనే పోతున్నయన్నట్టు!" అంది. చుట్టాలు వచ్చిపోయినంత సంబరం ఆమెకు.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. సాంచె మీద ఉన్న తెల్లటి గుడ్డ నిండా కూడా నీలం పాదాలే. కనకయ్య కేకలకు గల్లీ అంతా పోగయింది. రాజమణి మాత్రం అప్పటికే గోడ అవతలికి పోయి మోరి వైపు చూస్తోంది. అక్కడ పనివాళ్లకు భోజనం పెట్టే ఖానావళి వాళ్లు మిగిలిన అన్నం పారబోస్తారు. కార్ఖానాల వాళ్లు చిక్కుపడ్డ నూలు, చెత్త దూది కుప్ప పోస్తారు. తిండీ పరుపూ ఒక్కచోటే దొరికితే ఏ ఎలుక మాత్రం ఎందుకు పోతుంది? పందికొక్కుల్లాగా బలిసి, మనిషి వస్తే తప్పుకోవడం కూడా మానేశాయి.

"మోరి నిండితే ఇవన్ని ఎక్కడికి పోతయి అన్నా?" అంది.

"ఈత నేర్చుకుంటాయి" అన్నాను నేను.

కనకయ్య బొక్కలో గాజుపెంకులు కుక్కి సిమెంటు పూశాడు. వానల్లో రోడ్డు నీళ్లు లోపలికి రాకుండా గుమ్మానికి అడ్డంగా మోకాటి ఎత్తు సిమెంటు కట్ట కూడా కట్టించాడు. ఆ కట్ట చూసుకుని మురిసిపోయాడు. నేనూ మెచ్చుకున్నాను.

వాన వచ్చింది. వరాలా తలావ్ చెరువు నిండి, పక్క రోడ్లు నిండి, మా గల్లీ కూడా నిండింది. రోడ్డు నీళ్లను కట్ట ఆపింది. కానీ మోరి పొంగి వెనక గోడ అడుగు నుంచి నీళ్లు లోపలికి ఊరాయి. వాన వెలిశాక గల్లీలో నీళ్లు తీశాయి. కనకయ్య కార్ఖానాలో తీయలేదు. బయటి నీళ్లను రానీయని కట్ట లోపలి నీళ్లను పోనీయలేదు. మోటార్ల దగ్గర డబ్బాలతో తోడి ఆరబెట్టారు. మధ్య సందు మాత్రం పల్లం. ఎంత తోడినా అక్కడ మడమలు మునిగేంత నీళ్లు ఊరుతూనే ఉండేవి. బట్ట ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది, కరెంటు వచ్చింది, సాంచెలు ఆడించారు. పనివాళ్లు ఎప్పట్లాగే చెప్పులు బయట విడిచి ఆ నీళ్లలో నిలబడ్డారు. మోరి నిండగానే నీలం పాదాలవాళ్లు ఎక్కడికి పోయారో అప్పుడు తెలిసింది. సాంచెల మీది దూలాలెక్కి కూర్చున్నారు.

నీళ్లు ఇంకిపోయి, అందరం ఆ సంగతి మరిచిపోయాక ఓదెలు జ్వరంతో పడ్డాడు.

మావాళ్లకు రోగం ఎందుకొచ్చిందో చెప్పడానికి క్షణం పట్టదు. జ్వరం అంటే వానలో తడిశాడన్నారు. కళ్లు ఎర్రబడ్డాయంటే దూది నుసి పడిందన్నారు. పిక్కలు గుంజుతున్నాయంటే, సాంచెవాడి పిక్కలు గుంజకపోతే ఎవరివి గుంజుతాయి అన్నారు. ఒక్కో మాటా సబబుగానే ఉంది. గల్లీ డాక్టరు సూది వేసి మాత్రలిచ్చాడు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. కిందటేడు వానల్లో టెంఘర్‌లోనే నర్సింహులు అనే మనిషి ఇట్లాగే పడి, కళ్లు పచ్చబడి, పసికలు, అంటే కామెర్లు, అని ఆకు పసరు తాగుతూ తాగుతూ చనిపోయాడు. అందుకే ఓదెలు లేవలేదని తెలియగానే రాజమణి కూర్చున్నచోట కూర్చోలేదు.

ముందు నా మీదికే వచ్చింది.

"అన్నా, ఓదెలు నీ దగ్గర పల్లీలు కొన్నడు. నీ సంచుల మీద ఎలుకలు తిరుగుతున్నయా?"

నాకు ఒళ్లు మండింది. "మీ కార్ఖానా ఎలుకల్ని నా దుకాణానికి అంటగడతావా? ఆ పల్లీలు నేనూ తిన్నాను, నాకేం కాలేదేం?" అని అరిచాను. గల్లీలో నా సరుకు మాట ఎత్తితే నేను ఊరుకోను. ఆమె కాసేపు నన్ను ఎగాదిగా చూసింది.

"అవునే. నీకేం కాలేదు. నువ్వు తిన్నవ్, ఆడు తిన్నడు. అయితే తిండి గాదు" అనుకుంటూ వెళ్లిపోయింది. నేనింకా తిట్టాల్సింది మిగిలే ఉంది.

ఆ సాయంత్రమే మళ్లీ వచ్చింది. నేను మరాఠీ బాగా మాట్లాడతానని, దవాఖానకు తోడు రమ్మంది. "పొద్దున్నే పోదాం" అన్నాను. "గిప్పుడే" అంది.

ఆటోలో చెప్పింది. ఓదెలును చూడడానికి టెంఘర్ పోయి, అలవాటు కొద్దీ చంద్రవ్వను ప్రశ్న మీద ప్రశ్న అడిగిందట. ఏం తిన్నడు, ఎక్కడ తాగిండు, ఎప్పుడు పండుకున్నడు అని. చంద్రవ్వ అన్నిటికీ తల ఊపి, చివరికి ఒక్క మాట అందట.

"పిక్కలు గుంజుతున్నయంటే రోజు లెక్కనే కాలు పెట్టిన వదినె. ఒర్రిండు. నన్ను తోసేసిండు."

"ఎంత గట్టిగ తొక్కినా సాలదనేటోడన్నా ఆడు" అంది రాజమణి నాతో. "పని నొప్పయితే తొక్కితే సుఖముంటది. ఏలు పెడితేనే గుంజుకుంటుండు. గిది సాంచె నొప్పి గాదు. మరి ఏంది?"

నాకు తెలియదన్నాను. ఆమె ముందు ఆ మాట అనడం నాకదే మొదటిసారి.

టెంఘర్‌లో ఓదెలునూ చంద్రవ్వనూ ఎక్కించుకుని సర్కారు దవాఖానకు పోయాం. అక్కడ నమ్రత అనే డాక్టరమ్మ ఉంది, చిన్న వయసే. ఓదెలు కళ్లు చూసింది, పిక్క మీద మెల్లగా నొక్కింది. వాడు పళ్లు కొరికాడు. ఒంటేలు సరిగ్గా వస్తోందా అని అడిగింది. తగ్గిందన్నాడు. తర్వాత, ఈమధ్య నీళ్లలో తిరిగావా అని మరాఠీలో అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

"లేదు మేడం" అన్నాడు ఓదెలు. "వానల నేను బయటికే పోలె. కార్ఖానాలనే ఉన్న."

వాడు అన్నది అదే కదా అని నేను కూడా లేదనే చెప్పాను. డాక్టరమ్మ ఇంకేదో అడగబోయింది. రాజమణి మధ్యలో దూరింది.

"ఏంది లేదు? కార్ఖానాల ఉన్న నీళ్లు నీళ్లు గావా తమ్మీ?"

"అవి బయటి నీళ్లు గావు గదక్కా. మనయే" అన్నాడు వాడు. ఆ జ్వరంలో కూడా అంత నమ్మకంగా అన్నాడు.

రాజమణి హిందీలో మొదలుపెట్టి తెలుగులో తేలి, మోరి గురించి, కట్ట గురించి, చెప్పుల్లేని కాళ్ల గురించి, నీలం పాదాల గురించి అంతా ఏకరువు పెట్టింది. డాక్టరమ్మ విసుక్కోలేదు. రాయడం ఆపి విన్నది. నీలిమందు మాట వచ్చినప్పుడు నవ్వింది కూడా. తర్వాత చెప్పింది. ఎలుక మూత్రంలో ఒక సూక్ష్మజీవి ఉంటుందట. ఎండలో ఆరిపోతే చస్తుంది. నీళ్లు నిలిచి, నేల వెచ్చగా తడిగా ఉంటే బతికే ఉంటుంది. మన వానాకాలం దానికి బాగా పడుతుంది. పగిలిన మడమలోంచో, గీరుకున్న చోటనుంచో ఒంట్లోకి పోతుంది. కాలేయాన్నీ మూత్రపిండాలనూ పట్టుకుంటుంది. బొంబాయి వైపు దీన్ని లెప్టో అంటారు. ఆ పేరు నేను ఏటా వానల్లో వింటూనే ఉన్నాను. అది మా గల్లీకి వచ్చే రోగమని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"ఎలుకకు జరం రాదా మేడం?" అని అడిగింది రాజమణి.

"రాదు. అది మోస్తుంది, అంతే."

"ఎందుకు రాదు?"

నేను ఆమె కాలు తొక్కాను. ఓదెలు ప్రాణం మీదికి వచ్చి ఉంటే ఎలుక ఆరోగ్యం ఎందుకు? కానీ డాక్టరమ్మ దానికీ జవాబు చెప్పింది. మందు మొదలుపెట్టి, చీటీ రాసి, మూత్రపిండాలు దెబ్బతిన్నట్టున్నాయని ఠాణేలోని పెద్ద దవాఖానకు అప్పటికప్పుడు పంపించింది. పంపిస్తూ, "ఆ నీళ్లలో పనిచేసిన వాళ్లందరినీ రేపే ఇక్కడికి పంపండి. ముందే మాత్రలు వేసుకుంటే మేలు" అంది.

మర్నాడు రాజమణి కార్ఖానా ఆపించింది. పనివాళ్లను ఒక్కొక్కరినీ ఇంటి నుంచి సర్కారు దవాఖానకు లాక్కుపోయింది. మాకేం కాలేదంటే, "అయినంక నీ బొందల పోస్తరా మాత్రలు?" అని తిట్టింది. కనకయ్యను ముందు నిలబెట్టి మింగించింది. ఒక్కరిని కూడా వదల్లేదని నాతో గొప్పగా చెప్పింది. నేనూ నమ్మాను.

పెద్ద దవాఖానలో ఓదెలు పరిస్థితి మొదట ఏమీ బాగా లేదు. కళ్లు పసుపుముద్దల్లా అయ్యాయి. ఒంటేలు ఆగిపోయింది. రక్తాన్ని మిషన్ మీద శుభ్రం చేశారు. చంద్రవ్వ మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. అందరికీ మాత్రలు వేయించాక రాజమణి ఆమెను విడిచి రాలేదు. కనకయ్య రోజూ వచ్చేవాడు. వార్డు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి పోయి, ఓదెలు కాళ్లవైపు చూసి, బయట బెంచీ మీద కూర్చునేవాడు. ఒకనాడు రాజమణి అక్కడే అడిగేసింది.

"మార్కండేయునికి చెప్పుల మీద కోపముంటే ఉండనియ్యి. మన కాళ్ల మీద ఎందుకుంటదయ్యా?"

కనకయ్య చివాలున లేచి వెళ్లిపోయాడు. ఆ ప్రశ్నకు నాక్కూడా కోపం వచ్చింది. కుంగిపోయి ఉన్నవాణ్ని ఇంకా పొడవడమెందుకు? ఇంటికి పోయే దారిలో అతను నాతో, "అది అడిగింది తప్పు గాదు బావా. నాయన మాట ఎట్ల తీసేయాల్నో నాకు తెల్వదు" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

మరో రెండు రోజులకు ఓదెలు కాస్త తేరుకున్నాడు. ఒంటేలు కూడా కొద్దిగా వచ్చిందని నర్సు చెప్పింది. మధ్యాహ్నం నేను పప్పూ అన్నం పట్టుకుపోయాను. రాజమణి, చంద్రవ్వ వరండాలో నేల మీద కూర్చుని ఉన్నారు. డబ్బా విప్పి పెట్టాను. రాజమణి ఒక ముద్ద పెట్టుకుని పక్కకు నెట్టేసింది. ఆకలి లేదంది. చంద్రవ్వ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి ఆమెకేసి చూసింది. ఆ పిల్ల ఎవరినైనా ఏదైనా అడగడం నేను అప్పటిదాకా వినలేదు.

"వదినె, నీ కండ్లు ఎందుకు ఎర్రగున్నయి?"

"ఏడిస్తే ఎర్రగ గావా?"

"నువ్వు ఏడ్వలె గద. ఏడ్చింది నేను."

చంద్రవ్వ ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమ చేత్తో రాజమణి చీర కుచ్చిళ్లు కొంచెం పక్కకు జరిపి, పిక్క మీద బొటనవేలితో నొక్కింది. రాజమణి కెవ్వుమంది. వార్డులోంచి మనుషులు తొంగి చూశారు.

"నువ్వు మాత్రలు మింగినవా?" అని అడిగింది చంద్రవ్వ.

"నేనెందుకు మింగుడు? నేనేమన్న సాంచె నడుపుతనా? కండెలు సుట్టేదాన్ని..."

అక్కడ ఆగిపోయింది. కార్ఖానాలో పని అంటే మాకు సాంచె నడిపే మగవాళ్ల పనే. మూలన కూర్చుని కండెలు చుట్టే ఆడమనిషిని పనివాళ్ల లెక్కలో ఎవరమూ వేయం. తనకు తానే వేసుకోలేదు. తడిసిన గోనెసంచి మీద, ఆ నీళ్ల పక్కనే రోజంతా కాళ్లు చాపి కూర్చుని, నీళ్లలో నిలబడ్డ మగవాళ్లందరినీ వెతికి పట్టుకొచ్చింది. నా కళ్ల ముందు గోనెసంచి మీది నీలం పాదాలు కదిలాయి. ఆమె వాటిని వేలు పెట్టి చూపిస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను. నాకూ తట్టలేదు.

"అన్నా, నాలుగొద్దుల సంది నడుము గుంజుతుంది. దవాఖానల కూసోబట్టి అనుకున్న" అంది మెల్లగా. ఆమె భయపడడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ పూటే ఆమెనూ చేర్చుకున్నారు. ముదరక ముందే దొరికిందని, ఇంకా ఆలస్యమైతే ఓదెలు దారే పట్టేదని డాక్టర్లన్నారు. జ్వరం వచ్చింది, సెలైన్లు ఎక్కించారు, మందు పనిచేసింది. తగ్గుతోందని నాకు ఎట్లా తెలిసిందంటే, పోయేసరికి నర్సును అడుగుతోంది, సెలైను సీసా పైన కడితేనే ఎందుకు దిగుతుందని. నర్సు నావైపు దీనంగా చూసింది. నేను దణ్ణం పెట్టాను. ఆ ప్రశ్న చెవిన పడగానే ప్రాణం లేచివచ్చిందంటే నమ్మండి.

ఆమె ఇంకా మంచం మీద ఉండగానే కనకయ్య దుకాణానికి వచ్చాడు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, ఊదుబత్తులు ఇమ్మన్నాడు. భార్య కోసం మొక్కు అనుకున్నాను. తర్వాత కార్ఖానాలోకి తొంగి చూస్తే, సాంచెల ముందు నల్లటి రబ్బరు బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి. మోరీలు తీసేవాళ్లు వేసుకునే పొడుగు బూట్లు. కొత్త సాంచె దించినప్పుడు ఎట్లా చేస్తాడో అట్లాగే ఒక్కోదానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడుతున్నాడు. పక్క కార్ఖానా వాళ్లు గుమ్మం దగ్గర గుమిగూడి నవ్వుతున్నారు. కనకయ్య వాళ్లను పట్టించుకోలేదు. కొబ్బరికాయ కొట్టి, కళ్లు మూసుకుని ఏదో అనుకుని, ఒక జత తొడుక్కుని సందులోకి నడిచాడు. బొట్టు పెట్టిన బూట్లతో, తప్పటడుగులేసే పిల్లాడిలాగా నడిచాడు. నవ్వేవాళ్లు నవ్వు ఆపేశారు. అతను తిరిగి వచ్చి గునపం తీసుకుని, మురిపెంగా కట్టించుకున్న ఆ సిమెంటు కట్టను పగలగొట్టి నీళ్లు పోయే దారి చేశాడు.

మూలన రాట్నం దగ్గర ఒక జత చిన్న బూట్లు విడిగా ఉన్నాయి. గోనెసంచి లేదు. దాని జాగాలో ఎత్తుపీట ఉంది.

మోరి పక్క చెత్త దూది కుప్ప తీయించడానికి ఇంకా చాలా గొడవైంది. అదంతా రాజమణి ఇంటికి వచ్చాక చేసిన యుద్ధం. ఖానావళి వాళ్లు ఇప్పటికీ ఆమెను చూస్తే గిన్నెలు దాచుకుంటారు. ఎలుకలు పోయాయా అంటే పోలేదు. కనకయ్యకు తెలియకుండా నా దగ్గర ఇంకో నీలిమందు పొట్లం తీసుకుంది.

ఓదెలు ఆమె తర్వాత చాలా రోజులకు గానీ ఇంటికి రాలేదు. వచ్చాక కూడా గోడ పట్టుకుని నడిచాడు. మళ్లీ పనిలోకి పోయిన మొదటి రోజు సగం పాళీయే చేశాడు. ఆ సాయంత్రం మేము చూడడానికి పోయాం. నేను, రాజమణి, కనకయ్య. చాల్ ఆడవాళ్లు కూడా గదుల ముందు నిలబడి ఉన్నారు. ఓదెలు ఎప్పట్లాగే గుమ్మానికి అడ్డంగా బోర్లా పడుకున్నాడు. పిక్కలు సగానికి తగ్గిపోయి ఉన్నాయి. చంద్రవ్వ తలుపు చెక్క పట్టుకుని నిలబడింది గానీ కాలు ఎత్తలేదు. రాజమణి కూడా ఏమీ అడగలేదు.

చంద్రవ్వ కళ్లు గట్టిగా మూసుకుని, మొగుడి పిక్క మీద ఒక పాదం మెల్లగా ఆనించింది.

ఓదెలు కదల్లేదు. కాసేపటికి ముఖం పక్కకు తిప్పి అన్నాడు.

"ఇంకో కాలు గూడ పెట్టు."